గుడ్డ చుట్టని జాకీ

“దానికి నిప్పు పెట్టండి! పెట్రోలు నేనే తెచ్చి పోస్తా!”

పీరాసాబ్ అరుపు వీధి చివర బండలు కోసేవాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది. సగం గీసిన గడ్డం, చెవి మీద సబ్బు నురగ, చేతిలో కత్తి. పెరట్లోంచి ఆ వేషంతోనే పరిగెత్తుకొచ్చాడు మహానుభావుడు.

వాకిట్లో చిన్న మారిస్ కారు ఉంది. పీరాసాబ్ అన్న ఇమాంసాబ్ టాక్సీగా తిప్పిన కారు. ఆయన పోయినప్పటి నుంచీ అక్కడే పడి ఉంది. ఇంజను పట్టేయకుండా అప్పుడప్పుడు వచ్చి స్టార్టు చేసిపోయే లారీ డ్రైవరు ఓబుళేసు, ఎండ పడుతోందని ఈ పొద్దు దాన్ని గోడవారకు జరిపాడు. అంతే. వాకిట్లో పరిచిన బండల మీద చక్రాలు ఎగిరినప్పుడల్లా డిక్కీలోంచి చప్పుడు. టక్. టక్. కాస్త ఆగి మళ్ళీ టక్.

“ఏమప్పా, లోపల జాకీ వదులైంటాది. దానికి ఇంత గలాటానా?” అన్నాడు ఓబుళేసు.

“జాకీ కాదు. అన్న తడతాండాడు.”

ఓబుళేసు తాళంచెవి అరుగు మీద పెట్టి, “లోడుకు టైమైంది, వస్తా” అని జారుకున్నాడు. తెలివైనవాడు.

పీరాసాబ్ తల్లి రంజాన్ బీకి ఒళ్ళు మండింది. అరుగు మీద కూర్చుని తస్బీ తిప్పుకుంటున్న మనిషి, పూసలు పక్కన పెట్టి మరీ లేచింది.

“ఇంక ఊరంతా చాటుతాడు పో! కారు వద్దంటావు, వదిన వద్దంటావు, ఇల్లే వద్దంటావు. ఏం కావాల్రా నీకు? నా పాణమా? తీసుకో. గోరీలో కాళ్ళు పెట్టుకొని కూచున్న దాన్ని, నాకేం పని దాంతో?”

“అమ్మా, ఆ మాట ఎత్తద్దని చెప్పినా కదా!”

“ఎత్తుతా. నూరుసార్లు ఎత్తుతా.”

అసలు గొడవ అదే. ఇమాంసాబ్ భార్య హలీమాబీకి ఇద్దత్తు ఇంకా తీరలేదు. భర్త పోయిన ఆడమనిషి ఆ గడువు తీరేదాకా ఇల్లు దాటకూడదు, మగవాళ్ళ ఎదుటికి రాకూడదు. అంతవరకూ ఆమె దగ్గర నికా మాట ఎవరూ ఎత్తకూడదు. ఐదు పూటలా నమాజు తప్పని రంజాన్ బీకి ఇది తెలియదా? తెలుసు. తెలిసీ ఎత్తింది. పెద్దకోడలికీ చిన్నకొడుక్కీ నికా చేసేస్తానంది. గడువు తీరిన మొదటి శుక్రవారమే జమాతు పెద్దల్ని పిలుస్తానంది. జవాబు మాత్రం ఇప్పుడే కావాలని పట్టుబట్టింది.

పీరాసాబ్ చచ్చినా చేసుకోనన్నాడు. హలీమాబీ అవుననలేదు, కాదనలేదు. అవునంటే ఆమెకూ, పెళ్ళీడుకొచ్చిన కూతురు హబీబాకూ ఈ ఇంట్లో ఇంత నీడ ఉంటుంది. కాదంటే, పుట్టింట్లో దీపం పెట్టే దిక్కు కూడా లేని మనిషి పిల్లను వెంటబెట్టుకుని ఎక్కడికి పోతుంది?

“పీరా.”

గదిగుమ్మానికి అడ్డంగా కట్టిన దుప్పటి వెనక నుంచి వచ్చింది హలీమాబీ పిలుపు. తల్లీకొడుకులు ఇద్దరూ గప్‌చిప్ అయ్యారు.

“అన్న తడతాండాడంటివే. దఫను అయినాక నువ్వు పోయి రోడ్డు మీంచి కారు తెచ్చిన పొద్దు గూడా తట్టినాడా?”

పీరాసాబ్ దుప్పటి వైపు చూడలేదు. “దారంతా తట్టినాడు వదినా. గుత్తి రోడ్డు మీద నుంచి మన వాకిట్లోకి వచ్చేదాకా. తిరిగి చూడను గూడా భయమాయె. అట్లే తొక్కినా.”

“డిక్కీ తెరిచి చూడలేదా?”

“లేదు. ఎక్కినా, నడిపినా, తెచ్చి ఈడ పెట్టినా. అల్లా సాక్షిగా ఆ పొద్దు దాంట్లో చెయ్యి పెట్టలేదు.”

“మరి తడతాండేది ఏందో నీకెట్ల తెలుసు?”

పీరాసాబ్ నురగ ఆరిపోయిన మొహంతో అలాగే పెరట్లోకి వెళ్ళిపోయాడు.

రంజాన్ బీ గుమ్మం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “వాడి మాటలు పట్టించుకోవద్దు హలీమా. అన్న పోయిన బాధలో ఏదో వాగుతాండాడు. పెండ్లయితే అన్నీ సర్దుకుంటాయి. నువ్వు ఊ అను చాలు, వాణ్ణి ఒప్పించేది నా పని.”

“ఇద్దత్తు తీరనీ అత్తా.”

“తీరినాక చెప్పేది ఇప్పుడే చెప్తే ఏంబోయె?”

“తీరినాక అడిగితే ఏంబోయె?”

ముసలామె ఆ ఎదురుమాటకు మూతి తిప్పుకుని, మధ్యాహ్నం జొహరు నమాజు వేళయిందని గొణుక్కుంటూ, నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే ఉజూకు నీళ్ళు ముంచుకోవడానికి వెళ్ళింది. నీళ్ళు ముంచుకోవడం అంటే అదేదో పెద్ద మాట. తొట్టి అడుగున చెంబు గీరుకున్న చప్పుడే ఎక్కువ. ఈ ఏడూ తాడిపత్రిలో వాన పడలేదు.

హలీమాబీ దుప్పటి పక్కకు తీసింది.

“హబీబా, వాకిలి తలుపు గొళ్ళెం పెట్టి రా. నాయన కారు డిక్కీ తెరువు.”

“నేనా?” హబీబా జడుసుకుంది. “చిన్నాయన అట్లంటాండాడు, నువ్వేమో...”

“లోపల మీ నాయనే ఉంటే మంచిదే కదమ్మా. మనల్నేం చేస్తాడు? తెరువు.”

ఆ మాట అన్నా, ఆమె కూడా కారుకు రెండడుగుల ఇవతలే ఆగింది. మనిషి లేని ఇంట్లో మనిషి తట్టిన చప్పుడు విన్నవాళ్ళకే తెలుస్తుంది ఆ భయం. అందులో సగం ఆశ కూడా ఉంటుంది.

హబీబా డిక్కీ మూత ఎత్తింది. లోపల పాత గోనె, ఖాళీ నూనె డబ్బా. గోనె తీస్తే అడుగున చెక్క పలక. ఆ పలక కింద స్టెప్నీ చక్రం పెట్టే గూడు, దాని పక్కనే జాకీకి ఇరుకు సందు.

ఆ సందులో జాకీ పెట్టడం ఒక విద్య. మర ఆఖరుదాకా బిగించాలి. తల కిందికి వచ్చేటట్టు పడుకోబెట్టాలి. హ్యాండిలును చక్రం నడిమి బొక్కలోంచి దూర్చి, పానాను దానికి ఆనించాలి. ఒక్కటి తప్పినా పలక మూసుకోదు. ఇమాంసాబ్ వీటన్నిటికంటే ముందు ఇంకో పని చేసేవాడు. జాకీని తుడిచి, హలీమాబీ పాతచీరలు కలిపి కుట్టిచ్చిన బొంత ముక్కను దానికి చుట్టేవాడు. ఇనుముకు ఇనుము తగిలి చప్పుడైతే గిరాకీకి చికాకు అని ఆయన పట్టుదల. “కట్టుకున్నదానికి కూడా ఇంత కప్పడు, జాకీని మాత్రం బొంత కప్పి పడుకోబెడతాడు” అని టాక్సీ స్టాండులో ఆటపట్టించేవాళ్ళు. ఆయన నవ్వేవాడు, చుట్టడం మాత్రం మానేవాడు కాదు.

“అమ్మా,” అంది హబీబా. “గుడ్డ లేదు.”

పంక్చరైన చక్రం గూట్లో ఉంది. హ్యాండిలు, పానా వాటి చోట్లలో ఉన్నాయి. జాకీ కూడా తన సందులో, తల కిందికి, పద్ధతిగా పడుకుని ఉంది. కానీ ఒట్టి జాకీ. వేలితో కదిపితే పక్క ఇనుప రేకుకు తగిలి టక్‌మంది.

హబీబాకు నవ్వొచ్చింది. భయం పోయిన నవ్వు. “ఇదేనమ్మా తట్టేది! చిన్నాయనకు చెప్తా ఉండు. ఇదేంది, ఇదేనా నీ దెయ్యం అని...”

తల్లి మొహం చూసి ఆపేసింది.

“జాకీ పైకి తీయమ్మా. తీసి మళ్ళ పెట్టు,” అంది హలీమాబీ.

హబీబా తీసింది. మళ్ళీ పెట్టింది. పలక మూసుకోలేదు. తిప్పి పెట్టింది, బోర్లా పెట్టింది, హ్యాండిలు లాగి మళ్ళీ దూర్చింది. చెమటలు పట్టాయి గానీ పలక వేలెడు ఎత్తున లేచే ఉంది.

“నాకు చేతకాలేదమ్మా.”

“చూస్తా చూస్తా తీసినదానివి, నీకే చేతకాలా.” హలీమాబీ లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది. అడుగు నుంచి మడత పెట్టిన బొంత ముక్క తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

హబీబా దాన్ని గుర్తుపట్టింది. “ఇది నీ దగ్గర ఉండాదా?”

“లారీలోంచి మీ నాయనను దించినప్పుడు తల కింద ఇది ఉన్నింది. వాసన పోతాదని ఉతకలా. ఎవరికీ చూపియ్యలా.”

రంజాన్ నెల, రోళ్ళు పగిలే ఎండ. గుత్తికి గిరాకీని తీసుకుపోయి తిరిగొస్తూ ఇమాంసాబ్ దారిలో చక్రం మార్చుకున్నాడనీ, రోజా ఉపవాసంతో ఉన్న ఒంటికి వడదెబ్బ తగిలి తుమ్మచెట్టు కింద పడుకుని, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడనీ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి. పక్కన ఎవరూ లేరు. అందరూ అదే చెప్పారు, హలీమాబీ అదే నమ్మింది. నమ్మి, ఈ నెలలన్నీ ఒకే ఏడుపు ఏడ్చింది. నోట్లో చుక్క నీళ్ళు పోసే చెయ్యి లేకుండా, చెవిలో కలిమా చెప్పే గొంతు లేకుండా, కుక్క చావు చచ్చాడే నా మొగుడు అని.

“హబీబా, మీ నాయన గుడ్డ చుట్టకుండా జాకీ లోపల పెట్టింది ఎప్పుడన్నా చూసినావా?”

“లేదమ్మా. వానలో గూడా తుడిచి, చుట్టి, అప్పుడు పెట్టేవాడు.”

“ఆ పొద్దు గుడ్డ తల కింద ఉండాది, జాకీ గూట్లో ఉండాది. ఆయన సర్దింటే గుడ్డ జాకీకి ఉండాల. గుడ్డ తల కింద పెట్టుకొని పడుకొన్నాక జాకీ సర్దింది ఇంకెవరో.”

“లారీవాళ్ళేమో?”

“లారీవాళ్ళకు ఈ గూడు తెలుసునా? ఈ జాకీని ఈ సందులో పెట్టడం దునియాలో ఇద్దరికే తెలుసు. ఒకరు గోరీలో ఉండారు.”

హబీబా చేత్తో నోరు మూసుకుంది. “ఆ పొద్దు చిన్నాయన కణేకల్లులో ఉండె కదమ్మా...”

హలీమాబీకి వినిపించలేదు. ఆయన పక్కన ఎవరో ఉన్నారు. ఒంటరిగా పోలేదు. ఆ ఒక్క సంగతికి ఆమె గుండె లేచి కూర్చుంది. వెంటనే ఇంకో మంట. ఉండి, ఇన్నాళ్ళూ నేను ఏడుస్తుంటే గోడకు ఆనుకుని విన్నాడా?

“పిలువు మీ చిన్నాయనను.”

నమాజు ముగించుకుని వచ్చిన రంజాన్ బీకి అరుగు మీద జాకీ కనిపించింది. హబీబా చేతిలో గుడ్డ కనిపించింది. ముసలామె కళ్ళు ఆ రెంటి మధ్యా తిరిగాయి.

“ఏందే ఇది? ఇద్దత్తులో ఉన్న మనిషి వాకిట్లోకి వచ్చి కారు సామాన్లు ముట్టుకుంటాదా? లోపలికి పో ముందు. ఆ గుడ్డ ఇట్లియ్యి, పొయ్యిలో పెడతా.”

“గుడ్డ మీద చెయ్యి వెయ్యద్దత్తా.”

కోడలు ఆ గొంతుతో మాట్లాడటం రంజాన్ బీ ఎప్పుడూ వినలేదు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

హలీమాబీ గుడ్డ తీసుకుని దుప్పటి వెనక్కి వెళ్ళి కూర్చుంది. గడ్డం పూర్తిగా గీసుకుని పీరాసాబ్ వచ్చాడు. అరుగు మీద జాకీని చూసి గోడవారగా నిలబడ్డాడు.

“తట్టేది ఇదే పీరా. గుడ్డ లేక రేకుకు కొట్టుకుంటాండాది. దీన్ని లోపల పెట్టను హబీబాకు చేతకాలా. నువ్వు పెట్టు.” దుప్పటి కింద నుంచి గుడ్డ బయటికి వచ్చింది. “ఇదిగో, చుట్టి పెట్టు.”

పీరాసాబ్ రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఆ గుడ్డ నేను ముట్టను.”

“ఎందుకు? జాకీ గుడ్డే కదా.”

“వద్దు వదినా. అన్న తల కింద...”

అని ఆగాడు. మధ్యలో ఆగినందువల్ల ఇంక లాభం లేదు.

“అన్న తల కింద ఉన్నిందని నీకెవరు చెప్పినారు? మర్నాడు నువ్వు కణేకల్లు నుంచి వచ్చేసరికి మీ అన్నకు స్నానం అయిపోయింది, కఫను బట్ట చుట్టేసినారు. గుడ్డ నా పెట్టెలో ఉన్నింది.”

పీరాసాబ్ తల్లి వైపు చూశాడు. రంజాన్ బీ తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దని. అది హబీబా చూసింది.

“నేనేం కొట్టను, తిట్టను,” అంది హలీమాబీ. “ఆయన ఒక్కడే పోలేదని తెలిస్తే చాలు నాకు. నువ్వు ఆడున్నావు కదా?”

“ఉన్న్యా,” అన్నాడు పీరాసాబ్. అని నేల మీద కూలబడ్డాడు.

వాడే మొదలుపెట్టాడు, జాకీతో చెబుతున్నట్టు దానివైపే చూస్తూ.

“కణేకల్లు బస్సు గుత్తిలో ఎక్కిస్తానని అన్నే నన్ను కారెక్కించుకొన్నాడు. గిరాకీని దింపినాము. బస్సు రాలా. గొంతు ఎండకపోతాంటే అంగడి సందులో నిలబడి సోడా తాగినా. అన్న చూసినాడు. రోజా ఉండి సోడా తాగుతావారా అని నలుగురిలో చెంప మీద కొట్టినాడు. కణేకల్లూ లేదు ఏమీ లేదు, ఇంటికి నడువు అన్నాడు.”

“ఊ.”

“దారిలో ఒక్కమాట మాట్లాడుకోలా. గుట్ట దిగేచోట వెనక చక్రం పగిలింది. నేను మారుస్తా అన్నా. నీ చెయ్యి పెట్టద్దు అన్నాడు. నేను పోయి చెట్టు కింద కూచున్నా. మిట్టమధ్యాన్నం ఎండలో అన్నే జాకీ ఎత్తినాడు, స్టెప్నీ ఎక్కించినాడు. రెండు నట్లు బిగించినాడో లేదో, కండ్లు తిరుగుతాండాయిరా అని వచ్చి నా పక్కన ఒరిగినాడు. జాకీ గుడ్డ చేతిలోనే ఉన్నింది, తల కింద పెట్టుకొన్నాడు.”

“నీళ్ళు లేవా?”

“కారు ముందర తగిలించిన సంచి నిండా ఉండె.”

“అడిగినాడా?”

“అడిగినాడు వదినా. ఒక్క గుక్క ఇయ్యిరా అన్నాడు.”

“ఇచ్చినావా?”

“నీకు రోజా కదన్నా, అన్నా.”

హబీబా గట్టిగా ఏడ్చేసింది.

“చెంప మంట తగ్గలా వదినా. ఆ కోపంతో అన్నా. చచ్చిపోతాడనుకొంటినా? అన్న మళ్ళ అడగలా. కండ్లు మూసుకొన్నాడు. నేను లేసి పోయి మిగతా నట్లు బిగించినా. జాకీ దించినా, తుడిచినా. గుడ్డ కోసం చూస్తే అన్న తల కింద ఉండె. ఉండనీలే అని ఒట్టి జాకీనే గూట్లో పెట్టి పలక మూసినా. సామాన్లు రోడ్డు మీద పరిచి ఇంకో పని ముట్టుకోకూడదని అన్నే కదా నేర్పించింది. అంతా సర్దినాకనే నీళ్ళసంచి తీసుకొని పోయినా.”

“ముందు జాకీ,” అంది హలీమాబీ మెల్లగా. “తర్వాత నీళ్ళు.”

“అవును.”

అంతకంటే తిట్టు అవసరం లేకపోయింది. పీరాసాబ్ తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

“పోయేసరికి పాణం ఉండెనా?”

“ఉండె. కండ్లు తెరిచినాడు. జాకీ సర్దినావా అన్నాడు. సర్దినా అన్నా. గుడ్డ, అన్నాడు. గుడ్డ తీసుకో అని తల ఎత్తబోయినాడు. వద్దన్నా, పడుకో అని నోటి దగ్గర సంచి పెట్టినా. గట్టిగా మూసుకొన్నాడు నోరు. నీళ్ళన్నీ చెంప మీద కారిపోయినాయి. రోజా అని మూసుకొన్నాడో, నా మీద కోపంతో మూసుకొన్నాడో... నాకు తెలీదు వదినా. పిలిస్తే పలకలా.”

పీరాకు వినిపించే తట్టుడు ఏమిటో హలీమాబీకి ఇప్పుడు తెలిసింది. జాకీకి గుడ్డ చుట్టినా వీడికి అది ఆగదు. వాణ్ణి చీల్చి చెండాడాలనిపించింది. ఎందుకో చేత కాలేదు. అన్న చేత దెబ్బలు తిని, మళ్ళీ ఆ అన్న వెనకాలే తిరిగిన వాడు. ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.

“నన్ను వీడికి ఇచ్చి చేస్తానంది ఇందుకా అత్తా? ఎప్పుడన్నా బయటపడినా, మొగుని మీద మాట తీసుకొని పెండ్లాము వీధికెక్కదు అనా?”

రంజాన్ బీ నోరు తెరిచేలోపే కొడుకు అందుకున్నాడు.

“అమ్మను ఏమీ అనద్దు వదినా. మనుషుల్ని పంపింది అమ్మే కదా.”

“ఏ మనుషుల్ని?”

“కారు తాళంచెవి అన్న జేబులో ఉండె. ఆ జేబులో చెయ్యి పెట్టను నాకు ధైర్యం రాలా. అడ్డదారిన పడి పరిగెత్తి వచ్చినా. పెరట్లో అమ్మ ఉన్నింది. అన్న ఎంత పిల్చినా లెయ్యలా, మంచం ఇచ్చి మనుషుల్ని పంపమ్మా అన్నా. నేను పంపుతాలే, నువ్వు కణేకల్లుకు పోయినోడివి పోయినట్టే ఉండు, రేపు రా, ఎవరితో నోరు విప్పద్దు అనింది. అమ్మ పంపినోళ్ళే కదా అన్నను లారీలో తెచ్చింది?”

దుప్పటి ఒక్కసారిగా పక్కకు జరిగింది. ఇద్దత్తు, పరదా, ఏదీ గుర్తులేదు హలీమాబీకి. మరిది ఎదుటికి వచ్చి నిలబడింది.

“ఎవరూ పంపలేదు పీరా. ఓబుళేసు బండల లోడుతో వస్తాంటే లారీ దీపాల్లో కనపడినాడంట. వాడే ఈ అరుగు మీద కూచొని చెప్పినాడు. అప్పటికి దీపాలు పెట్టే పొద్దయ్యింది.”

పీరాసాబ్ తలెత్తాడు. అమ్మను చూశాడు. చిన్నప్పుడు తప్పిపోయి దొరికిన పిల్లవాడిలా చూశాడు.

“అమ్మా? పంపినానంటివే?”

రంజాన్ బీ తస్బీ కోసం తడుముకుంది. అది అరుగు మీదే ఉంది. చేతికి దొరకలేదు.

“వీడు వచ్చి చెప్పినప్పుడు పొద్దు యాడుండింది అత్తా?” అడిగింది హలీమాబీ.

“మధ్యాన్నం జొహరు అయ్యింది. సాయంత్రం అసరు కాలా.”

“ఆ పొద్దు మనమిద్దరం ఒకే చాప మీద కూచొని రోజా ఇడిసినాము. ఖర్జూరం నువ్వే నా చేతిలో పెట్టినావు. ఇంకా రాలేదే ఈయన అని నేనంటే, వస్తాడులే, నువ్వు తిను అన్నావు.”

“పోయినాడనుకొన్నా!” ముసలామె అరిచింది. “వీడి మొహం చూస్తేనే తెలిసిపోయింది నాకు. మనుషుల్ని పంపితే, నీకెవరు చెప్పినారు అని అడగరా? వాడు యాడ, ఎందుకు కొట్లాడినారు అని అడగరా? గుత్తిలో చెంపదెబ్బ నలుగురూ చూసినారంట. అన్నను వీడే చంపినాడంటారు. ఒక్క దినంలోనే ఇద్దరు కొడుకుల్ని ఇడుసుకోమంటావా? రోడ్డు మీద ఉన్నోణ్ణి ఏ లారీవాళ్ళో చూస్తారులే అనుకొన్నా. చూసినారు కదా. తెచ్చినారు కదా.”

“ఊపిరి ఉండాదా లేదా అని వీణ్ణి అడిగినావా?”

రంజాన్ బీ చిన్నకొడుకు వైపు చూసింది. వాడు కళ్ళు తిప్పుకోలేదు. వాడు కూడా ఆ జవాబు కోసమే చూస్తున్నాడు.

“అడగలేదు,” అంది.

హబీబా ఏడుపు ఆగిపోయింది. పీరాసాబ్ నేల మీద నుంచి లేచి, తల్లికి దూరంగా, కారు అవతలి పక్కకు పోయి నిలబడ్డాడు.

“గడువు తీరిన శుక్రవారం జమాతు పెద్దలు వస్తారంటివి. నన్ను అడుగుతారు,” అంది హలీమాబీ. “వాళ్ళకు నేనేం చెప్పాల అత్తా? నువ్వే చెప్పు.”

రంజాన్ బీ కోడలి చెయ్యి పట్టుకోబోయింది. హలీమాబీ చెయ్యి ఇవ్వలేదు.